దశమినాటి జంట పులసలు

మహాలయ

రేడియోలో చండీపాఠం అయిపోయేసరికి బాగా తెల్లారింది. మా బిజయ్‌గఢ్ కాలనీలో ఈ ఒక్కరోజు అన్ని ఇళ్ళ రేడియోలూ ఒకే మాట మాట్లాడతాయి. మా ఆయన మంచం మీద దిండుకి ఆనుకుని విన్నారు. డాక్టరు మెట్లెక్కవద్దన్నాడు, బరువులెత్తవద్దన్నాడు, ఉప్పు తినవద్దన్నాడు. వినవద్దని మాత్రం అనలేదు.

రేడియో కట్టేశాక అత్తయ్య పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"బౌమా, మీ మావగారు ఇంకా బజారు నుంచి రాలేదేం? పులస తెస్తానన్నారుగా."

ఈ ఇంటికి కోడలినై వచ్చిన రోజు నుంచి నన్ను బౌమా అనే పిలుస్తుంది, పేరు పెట్టి పిలవదు. మావగారిని మాత్రం నేను ఫొటోలోనే చూశాను. దేశం రెండు ముక్కలయ్యాక, సరిహద్దు అవతల పడ్డ బరిసాల్ నుంచి పెళ్ళాం పిల్లలతో వచ్చి, ఈ స్థలంలో తడికెలు కట్టి, పైన రేకులు వేయించి, ఆ వానాకాలంలోనే జ్వరమొచ్చి పోయారట. అప్పటికి అత్తయ్యకి నిండా ముప్పయ్యయిదేళ్ళు లేవు. అప్పటి నుంచి తెల్లచీర, వేరే పొయ్యి, రాతి కంచం, ఒంటిపూట అన్నం. చేపల మాట అటుంచి, విధవలకి పనికిరాదని ఎర్రపప్పు కూడా ముట్టలేదు.

వస్తారు అన్నాను. నమ్మి లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన స్కూలు డైరీ సగం పైగా ఖాళీగానే ఉంది, వేసవి తర్వాత జాగ్రఫీ పాఠం చెప్పిందే లేదు కదా. అందులోనే రాస్తున్నాను. ఎవరికైనా చెప్పుకుందామంటే పిల్లలు లేరు.

గుండె ఆపరేషన్ లక్ష్మీపూజ వెళ్ళాక. ఆయనకేమీ కాదు.


విదియ

మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే చెప్పాను.


తదియ

ఈవేళ కొబ్బరుండలు చేశాం. చేయకుండా వదిలేద్దామనుకున్నాను. ఆయనకి తీపి లేదు, వచ్చిపోయేవాళ్ళకి పెట్టే ఓపిక నాకు లేదు. కానీ అత్తయ్య పొద్దున్నే కోరాం ముందేసుకుని కూర్చుంది. నిన్న స్నానం చేసిందో లేదో గుర్తులేని మనిషి, మూకుట్లో బెల్లం పాకం చూసి "ఇప్పుడు దించు" అన్నది. ఒక్క క్షణం ఆలస్యం చేస్తే ముదిరేది. వేడి చల్లారకముందే చేతికి నీళ్ళు అద్దుకుని ఒక్కో ఉండా చుట్టి పళ్ళెంలో పేర్చింది. అన్నీ ఒకే సైజు. నావి ఎప్పటిలాగే పెద్దవీ చిన్నవీ.

మా పుట్టిల్లు ఉత్తర్‌పాడా. ఘోటీలం, అంటే తరతరాలుగా గంగ ఒడ్డునే ఉన్నవాళ్ళం. పప్పులో చిటికెడు పంచదార పడకపోతే మాకు ముద్ద దిగదు. పెళ్ళయిన ఏడాది పూజకి అలవాటు కొద్దీ పప్పులో పంచదార వేశాను. అత్తయ్య రుచి కూడా చూడకుండా, వాసన పట్టి, వాకిట్లో ఉన్న కొడుక్కి వినబడేలా అంది: "ఒరే ఖోకా, ఈవేళ మీ ఆవిడ వండింది పప్పో పాయసమో కనుక్కుని కూర్చో." నేను ఏడ్చాను. ఆయన నవ్వారు. తర్వాత ఆవిడే పక్కన కూర్చోబెట్టుకుని బరిసాల్ వంటంతా నేర్పింది. ఆవాలు నూరేటప్పుడు పచ్చిమిరపకాయ వేస్తే చేదెక్కదని, పులసని కోశాక మళ్ళీ కడిగితే రుచంతా తూములో పోతుందని, తలకాయని బచ్చలికూరలో వేయాలని.

ఆవిడ చేసే పులస ఆవపెట్టిన కూర కోసం కాలనీలో జనం నెపాలు వెతుక్కుని వచ్చేవాళ్ళు. ఎవరూ ఆవిణ్ణి ఎలా ఉందని అడిగేవాళ్ళు కాదు. గిన్నె మూత తీసి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకోకుండా నిండా ఊపిరి పీల్చి, ఉప్పు తక్కువైంది అనేది. తినకుండా ఎలా తెలుస్తుందని ఒకసారి అడిగాను. "తెలుస్తుంది" అంది. అంతే.

పెళ్ళయి ఇన్నేళ్ళలో నేను ఆ కూర తింటూ ఆవిడ ముఖం చూసిన జ్ఞాపకం లేదు. తల వంచుకుని తినేదాన్ని. అందరం అంతే.


పంచమి

కాలనీ పూజ పందిట్లో అమ్మవారి కళ్ళు దిద్దారట. వెళ్ళి చూడలేదు.

చేప అడిగింది.


షష్ఠి

ఈవేళ అత్తయ్య బిభాదీదీ ఎదుటే అడిగింది. ఎప్పుడో ఒకప్పుడు ఇది జరుగుతుందని నాకు తెలుసు.

దీదీ ఆయనకి అక్కగారు. రెండు వీధుల అవతల ఒక్కతే ఉంటుంది, ఆడపిల్లల బడిలో కుట్లు నేర్పుతుంది. పదిహేనేళ్ళ క్రితం బావగారు పోయాక ఇక్కడికి వచ్చేసింది. వచ్చిన కొత్తలో ఒకరోజు మధ్యాహ్నం నేను వడ్డిస్తూ, పరధ్యానంలో అందరితో పాటు దీదీకీ చేపముక్క వేశాను. దీదీ చూసింది, ముక్క మీద వేలు పెట్టింది కూడా. చేప తలకాయ కోసం చిన్నప్పుడు తమ్ముడితో కొట్లాడేదట. అత్తయ్య వంటింట్లోంచి వచ్చి, వంగి, దీదీ మణికట్టు పట్టుకుని ఆపి, రెండో చేత్తో ఆ ముక్క తీసేసింది. ఆ కంచం మార్చి తన రాతి కంచం లాంటిదే ఇంకోటి తెచ్చి పెట్టింది. ఆ రోజు నుంచి దీదీ ఒక్క నియమం తప్పలేదు. నిజానికి అత్తయ్య కంటే గట్టిగా పట్టింది.

అలాంటి దీదీ ముందు అత్తయ్య, "బిభా, మీ నాన్న పులస తెస్తున్నారు, ఉండి తినేసి వెళ్ళు" అంది.

దీదీ నన్ను వరండాలోకి తీసుకెళ్ళింది. ఎన్నాళ్ళ నుంచి ఇలా అడుగుతోందని అడిగింది. చెప్పాను. మందులేమైనా మార్చారా అని అడిగింది. లేదన్నాను. తర్వాత గొంతు తగ్గించింది.

"చూడు బీథీ, మతి చెదిరిన మనిషి ఏదో అడుగుతుంది. నీ మెత్తదనం నాకు తెలుసు. తమ్ముడి గుండె కొయ్యబోతున్నారు. ఇన్నేళ్ళు నిలబెట్టుకున్న నిష్ఠ ఇప్పుడు తప్పితే అది ఎవరికి తగులుతుంది?"

నేను చేప ఇస్తానని అనలేదు కదా దీదీ అన్నాను. ఇవ్వవద్దని మాట తీసుకుంది. ఇచ్చాను.

మాట ఇవ్వడంలో నష్టమేముంది. నాకూ ఆవిడకి చేప ఇవ్వాలని లేదు.


సప్తమి

నాకు ఇవ్వాలని లేదు.

పక్కింట్లో పులస వేపుతున్నారు. అత్తయ్య గోడ పక్కన పీట వేసుకుని కూర్చుంది. చిక్కుడుకాయలు వలుస్తున్నానంది. చేతిలో చిక్కుడుకాయలు లేవు.


అష్టమి

పొద్దున్న ఉపవాసంతో పందిరికి వెళ్ళి పుష్పాంజలి ఇచ్చాను. ఏం కోరుకున్నానో రాయను. ప్రసాదం కిచిడీ, కలగూర, టమాటా పచ్చడి, పాయసం బకెట్లలో తెచ్చి వడ్డించారు. ఇంటికి తెచ్చాను. ఆయన కిచిడీ మీద కాస్త ఉప్పు చల్లమన్నారు. చల్లలేదు.

ఒకప్పుడు ఈ రోజంటే ఆయన పందిట్లో పంచె ఎగ్గట్టి వడ్డన చేసేవారు. నా దగ్గరకి వచ్చేసరికి ఎవరో తెలియనట్టు ముఖం పెట్టి, "అమ్మగారికి ఇంకో గరిటె" అనేవారు. నా పక్కనున్న ఆడవాళ్ళంతా నవ్వేవాళ్ళు. ఈవేళ ఎవరో కుర్రవాడు వడ్డించాడు. చాలా వేశాడు పాపం.

మధ్యాహ్నం ఆయనకి అత్తయ్య సంగతి చెప్పాను. దీదీకి మాట ఇచ్చిన సంగతీ చెప్పాను. ఆయన కిటికీ వైపు తిరిగారు. పందిరి మైకులో ఎవరిదో చెప్పు పోయిందని చెబుతున్నారు.

"బీథీ, నాకేమైనా అయితే నువ్వూ చేప మానేస్తావా?"

మందు గ్లాసు కడగాలని లేచి వచ్చేశాను. గ్లాసు శుభ్రంగానే ఉంది.


నవమి

అందరిళ్ళలో మాంసం ఉడుకుతోంది. మా ఇంట్లో పొట్లకాయ.

సాయంత్రం తమలపాకుల కోసం బజారుకి వెళ్ళాను. తమలపాకులు చేపల కొట్ల అవతల అమ్ముతారు కాబట్టి అటుగా వెళ్ళాల్సి వచ్చింది. రేపు పులసలు వస్తాయా అని అడిగాను, అది ఆచారం కోసం. బరిసాల్ వాళ్ళిళ్ళలో దశమినాడు జంట పులసలు ఇంటికి రావాలి. మళ్ళీ సరస్వతీపూజ దాకా పులస మాటెత్తరు. ఏటేటా ఆయన తెచ్చేవారు. ఈ ఏడు తేకపోతే అదీ అపశకునమే కదా. దీదీ కూడా అదే అంటుంది.

అంతే. ఇంకేం లేదు.


దశమి

వరసగా రాస్తేగాని నాకే అర్థం కాదు.

పొద్దున్న నేనే వెళ్ళి తెచ్చాను. రెండూ నిండు చేపలు, వెండి పళ్ళాల్లా ఉన్నాయి. చేటలో పెట్టి, గరికా వడ్లూ వేసి, తలల మీద పసుపూ సిందూరం బొట్లు పెట్టి శంఖం ఊదాను. ఇలాంటప్పుడు అత్తయ్య ఎప్పుడూ వెనక గదిలో ఉండేది, శుభకార్యానికి ఎదురు రానని. ఈవేళ వచ్చి చేట పక్కన కూర్చుంది. చేప పొట్ట మీద వేలితో నొక్కి, "గంగది కాదు, పద్మానది చేప. గుడ్డు లేదు, బాగుంటుంది" అంది.

మీ మావగారు తెచ్చారా అని అడగలేదు. ఆ సంగతి నాకు ఇప్పుడు రాస్తుంటే తడుతోంది.

కొన్ని ముక్కలు వేపి, మిగతావాటికి ఆవాలు నూరి, ఆవనూనె పోసి, గిన్నెకి మూత బిగించి ఆవిరికి పెట్టాను. ఆయన మంచం మీద నుంచే, వీధిలో అందరికీ కడుపు మండేలా వండుతున్నావు అన్నారు. మూత తీసేసరికి ఇల్లంతా ఆ వాసన. అత్తయ్య తన పొయ్యి ముందు కూర్చుని ఉంది. తన అన్నం అప్పటికి వండుకోలేదు.

రాతి కంచంలో చేప పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. మా కంచాల్లోంచి ఒకటి తీశాను. వేడన్నం మీద చేప వేపిన నూనె, ఉప్పురాయి, పచ్చిమిరపకాయ. పక్కన పొట్ట ముక్క. ఆవిడ ముందు పెట్టాను. మాట తప్పుతున్నానన్న ఆలోచన వచ్చింది. వచ్చినా పెట్టాను.

ముందు నూనె అన్నం తింది. తర్వాత ముక్క విప్పింది. నా భయం ముళ్ళ గురించి. ఇన్నేళ్ళయింది, చూపు ఆనదు. కానీ ఆ వేళ్ళు మరిచిపోలేదు. వెంట్రుకల్లాంటి ముళ్ళని ఒక్కొక్కటీ లాగి కంచం అంచున వరసగా పెట్టింది. తొందరపడలేదు. కళ్ళు మూసుకోలేదు, కన్నీళ్ళూ పెట్టలేదు. ఆకలేసిన మనిషి అన్నం తిన్నట్టు తింది. రెండో ముక్క వేస్తే వద్దనలేదు.

"ఉప్పు సరిపోయింది" అంది.

అప్పుడు వెనక నుంచి గుమ్మం చప్పుడైంది. బిభాదీదీ, తమ్ముణ్ణి చూసిపోదామని వచ్చినట్టుంది. కంచాన్నీ, కంచం అంచున ముళ్ళనీ చూసింది.

"ఇవ్వనన్నావు" అంది నాతో.

"అన్నాను దీదీ."

"వాడి ప్రాణం మీదికి తెస్తున్నావు. నీ పసుపుకుంకాలు నువ్వే..."

"దాన్నేమీ అనకు బిభా. అడిగింది నేను."

అత్తయ్య గొంతు అది. కొన్ని నెలలుగా మాకు వినబడని గొంతు. ఒకప్పుడు ఇంటిని నడిపిన గొంతు. దీదీ కూడా తగ్గి, నీకు తెలియక అడిగావమ్మా, తెలిసి పెట్టినది ఈ మనిషి అంది.

"నాకెందుకు తెలీదు? మీ నాన్న పోయిన సంగతి నాకు తెలీకపోవడమేంటే? ఊరికే అడిగితే మీరెవరన్నా పెడతారా? మతిపోయినదాన్నయితే ఎవరూ తిట్టరు."

వీధిలో డప్పుల మోత ఆగింది కాసేపు. లోపలి గదిలో మంచం కిర్రుమంది.

దీదీ గోడకి ఆనుకుంది. చాలా మెల్లిగా అడిగింది. "మరి నా కంచంలోంచి ఎందుకు తీసేశావు?"

అత్తయ్య తన వేళ్ళు చూసుకుంది. వాటికి ఆవపిండి అంటుకుని ఉంది. ఏదో అనబోయినట్టే ఉంది. పెదాలు కదిలాయి. తర్వాత గుమ్మం వైపు చూసి, నాతో, "డప్పులు ఆగాయి బౌమా, అమ్మవారిని అప్పుడే తీసుకుపోయారా?" అంది. ఆ గొంతు మళ్ళీ ఈ మధ్య మాకు అలవాటైన గొంతే.

దీదీ వెళ్ళిపోయింది. అత్తయ్య చెయ్యి కడిగించాను.

తెలిసే మాట మార్చిందా, నిజంగానే జారిపోయిందా? రెండూ కావచ్చు. నేను పక్కనే ఉన్నాను, నాకే తెలియలేదు.

నిమజ్జనానికి ముందు ముత్తయిదువలంతా అమ్మవారికి సిందూరం పెట్టి ఒకళ్ళకొకళ్ళు పూసుకుంటారు. వెళ్ళాను. పక్కింటావిడ నా ముఖమంతా పూసి, మొగుడి ఆపరేషన్ కదా, నీకు రెండింతలు అంది. ఇంటికి వచ్చేసరికి ఆయన వరండా కుర్చీలో ఉన్నారు. అంతా విన్నారని తెలుసు. దణ్ణం పెట్టాను. తల మీద చెయ్యి వేసి, "అమ్మకి ముక్క నచ్చిందా?" అని మాత్రం అడిగారు.

దశమి రాత్రి పెద్దలకి పెట్టే బిజయా దణ్ణాలకి దీదీ రాలేదు.


ఏకాదశి

అత్తయ్య పొద్దున్న నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఈవేళ ఏకాదశి అని నేను చెప్పలేదు.


లక్ష్మీపూజ

గుమ్మం నుంచి పూజగది దాకా బియ్యప్పిండితో లక్ష్మి పాదాలు వేశాను. అత్తయ్య చూసి, పాదాలు బయటికి వెళుతున్నట్టు వేశావు, లోపలికి రావాలి కదా అంది. తుడిచి మళ్ళీ వేశాను. నా చెయ్యి ఎందుకు అటు తిరిగిందో. రాయకూడదు ఇలాంటివి.

కొబ్బరుండలు, అటుకులు, మరమరాల ఉండలు పళ్ళెంలో పెట్టుకుని దీదీ ఇంటికి వెళ్ళాను. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. పళ్ళెం అందుకుంది. గుమ్మంలోనే నిలబడి మాట్లాడాం. రేపు తమ్ముణ్ణి ఎన్నింటికి చేర్చుకుంటారని అడిగింది. చెప్పాను. తిరిగి వస్తుంటే పిలిచింది.

"నాకు చేప మీద ఆశ లేదు బీథీ, ఎప్పుడో పోయింది. పట్టింపు వదిలిన అమ్మ నాకు ముందే చెప్పొచ్చుగా. ఒక్కమాట. నేను తన కోసమే పట్టుకుని కూర్చున్నాను."

వస్తాను అన్నాను.


ఆపరేషన్

ఇంటికి ఇప్పుడే వచ్చాను, పగలే. దీదీ అక్కడ ఉంటానని నన్ను పంపింది. స్నానం చేసి వెళ్ళాలి.

బతికారు. ముందు అది రాయాలి. బతికారు.

ఆయన్ని పొద్దున్నే ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళారు. పక్కింటావిడకి అత్తయ్యని అప్పగించి నేను వెళ్ళేసరికి దీదీ అప్పటికే బెంచీ మీద ఉంది. పక్కనే కూర్చున్నాను. దీదీ జపమాల తిప్పుతోంది. నేను ఆ పొట్ట ముక్కనే తలుచుకుంటున్నాను. వడ్డించిన రోజు నుంచి నాకు భయమే. ధైర్యంగా పెట్టాననుకున్నాను గాని, ఒక్కరోజు ధైర్యంగా లేను. ఆయనకేమైనా అయితే దీదీ నన్నేమీ అననక్కర్లేదు, నేనే అనుకుంటాను, చచ్చేదాకా.

డాక్టరు బయటికి వచ్చి బాగానే జరిగిందన్నాడు. నేను లేచి ఆయన దగ్గరికి వెళ్ళబోయాను. దీదీ నా భుజం పట్టుకుని మళ్ళీ బెంచీ మీద కూర్చోబెట్టి, తన సీసాలో నీళ్ళు తాగించింది. తాగుతుంటే నా పాపిట్లో సిందూరం చెదిరినట్టుంది, వేలితో సరిచేసింది. విధవరాలు సిందూరం ముట్టకూడదని ఆవిడకి తెలియదా. చేశాక తన వేలు చూసుకుంది. తుడుచుకోలేదు.


కార్తీకం, ఆదివారం

చాలారోజులు రాయలేదు. రాయడానికి తీరికా లేదు, రాయాల్సినంత దిగులూ లేదు. ఆయన గదిలోంచి వరండా దాకా నడుస్తున్నారు. స్కూలు పిల్లలు వచ్చి చూసి వెళ్ళారు. గోడ మీద పటం చూపించి వాళ్ళకి నదుల పేర్లు అడిగారు, రెండు పేర్లు తప్పు చెప్పారని రోజంతా బాధపడ్డారు.

అత్తయ్య ఆ దశమి తర్వాత చేప అడగలేదు. తన పొయ్యి మీద తన అన్నం, నేను దగ్గరుండి వండిస్తున్నాను. మనుషులని గుర్తుపట్టడం మాత్రం తగ్గిపోయింది. నన్ను ఇంకా బౌమా అంటుంది. మొన్న ఆయన్ని, మీరు ఎక్కడి నుంచి వస్తున్నారని అడిగింది.

ఈవేళ మధ్యాహ్నం దీదీ వచ్చింది. ఆయన కోసం శీలావతి చేప మిరియాలు వేసి పల్చగా పులుసు పెట్టి ఉంచాను, అప్పుడే వడ్డిస్తున్నాను. దీదీ తల్లి పక్కన పీట మీద కూర్చుని, ఎలా ఉన్నావమ్మా అని అడిగింది. అత్తయ్య మర్యాదగా పైట సర్దుకుని, ఆవిడ తెల్లచీర వంక, ముఖం వంక చూసింది. ఏ గుర్తూ లేదు. నావైపు తిరిగింది.

"ఈవిడెవరు బౌమా? భోజనాల వేళకి వచ్చింది. ఎంతదూరం నుంచి వచ్చిందో ఏమో, కాళ్ళు దుమ్ముకొట్టుకుపోయి ఉన్నాయి. కంచం పెట్టు. మంచి ముక్క చూసి వెయ్యి."

మీ అమ్మాయి బిభా అని నేను చెప్పబోయాను. దీదీ చేత్తో ఆపింది. ఆయన తినడం ఆపి చూస్తున్నారు.

కంచం పెట్టాను. అన్నం వడ్డించాను. గరిట పట్టుకుని దీదీ ముఖం చూశాను. ఈసారి నేను తల వంచుకోలేదు. దీదీ వద్దని అనలేదు. వేశాను.

అత్తయ్య ఎదురుగా కూర్చుని, అతిథి ఎప్పుడు తింటుందా అని చూస్తోంది. పులుసు చల్లారిపోతోంది. దీదీ ముక్క మీద వేలు పెట్టింది, తీసేసింది, మళ్ళీ పెట్టింది. తర్వాత కంచం నావైపు కొద్దిగా జరిపింది.

"ముళ్ళు నువ్వు తీసిపెట్టు బీథీ. నాకు అలవాటు తప్పింది."

కింద కూర్చుని తీసిపెట్టాను.